ముప్పావు మీటరు ఎత్తు నుంచి

గూళూరులో ఒక ఫొటో స్టూడియోను ఊహించుకుందాం. బాగేపల్లి తాలూకాలో నిడుమామిడి మఠం ఉన్న ఊరు ఇది. బోర్డు కన్నడంలో ఉంటుంది, లోపల మాటలన్నీ తెలుగే. టేబుల్ మీద కంప్యూటరు, దానికి తగిలించిన ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. చుట్టుపక్కల పల్లెల పెండ్లిండ్లు, సీమంతాలు, జాతర్లు, కైవారం తాతయ్య తత్వాలు పాడే భజన బృందాల వీడియోలు, అన్నీ అందులోనే. ఎవరి కాలో కేబుల్‌కు తగులుతుంది. డిస్క్ జారి బండల మీద పడుతుంది. చిన్న చప్పుడు, అంతే. పైన గీత కూడా పడదు.

ఆ చప్పుడు వెనక ఎంత బలం ఉందో కాగితం మీద లెక్క వేయవచ్చు. టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు. అక్కడి నుంచి పడ్డ వస్తువు నేలను తాకేటప్పటికి సెకనుకు 3.8 మీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగం గొప్పదేమీ కాదు. అది ఎంత దూరంలో సున్నా అయిందన్నదే అసలు సంగతి. బండ లొంగదు. డిస్క్ ప్లాస్టిక్ డబ్బా ఒక మిల్లీమీటరు లొంగిందనుకుందాం. 750 మిల్లీమీటర్ల పొడవునా భూమి పెంచుకుంటూ వచ్చిన వేగాన్ని ఒక్క మిల్లీమీటరులో ఆపాలి. అంటే ఆపే త్వరణం సగటున గురుత్వాకర్షణకు 750 రెట్లు, ఇంజనీర్ల భాషలో 750 జీ. అంతా దాదాపు అర మిల్లీసెకనులో అయిపోతుంది. అదే డిస్క్ మడత పెట్టిన దుప్పటి మీద పడి ఒకటిన్నర సెంటీమీటరు లోపలికి దిగితే 50 జీ మాత్రమే.

ఇప్పుడు తయారీదార్లు అచ్చువేసే వివరాల పత్రం తెరిచి చూడండి. ల్యాప్‌టాప్ సైజు డిస్క్, అంటే రెండున్నర అంగుళాల రకం, ఆగి ఉన్నప్పుడు 1000 జీ దాకా, తిరుగుతున్నప్పుడు 400 జీ దాకా తట్టుకుంటుందని చాలా మోడళ్లకు రాస్తారు. మన 750 సరిగ్గా ఈ రెండిటి మధ్య పడింది. ఆగి ఉన్న డిస్క్ అదే బండ మీద పడి బతికిపోవచ్చు. కాపీ అవుతూ ఉన్నది బతకడం కష్టం. 'పోయినసారి పడినా ఏం కాలేదే' అని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది.

తిరగడానికీ ఆగడానికీ అంత తేడా ఎందుకు? లోపల ఒకటో రెండో గుండ్రటి పలకలుంటాయి, ప్లాటర్లంటారు. ఈ సైజు డిస్కుల్లో అవి ఎక్కువగా గాజువి. వాటి మీద కోబాల్ట్, క్రోమియం, ప్లాటినం కలిసిన పలచని అయస్కాంత పొర, దానిపైన కొద్ది నానోమీటర్ల కార్బన్ పూత, ఆ పైన ఇంకా పలచగా కందెన. నిమిషానికి 5400 చుట్లు తిరిగే ప్లాటరు అంచు వేగం లెక్కిస్తే గంటకు 66 కిలోమీటర్లు. ఆ అంచు తనతోపాటు గాలిని ఈడ్చుకొస్తుంది. ఆ గాలి పొర మీద, చేతి లాంటి కడ్డీ కొసన, సమాచారాన్ని చదివి రాసే హెడ్ తేలుతుంది. చదివేటప్పుడు హెడ్‌కూ ప్లాటరుకూ మధ్య ఎడం కొద్ది నానోమీటర్లు. మన తలవెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. సిగరెట్ పొగలోని రేణువుకు కూడా ఆ సందులో చోటు లేదు.

ప్లాటరు ఆగితే గాలీ ఆగుతుంది, గాలి ఆగితే హెడ్ కూలుతుంది. అందుకే ఆగే ముందు హెడ్ ప్లాటరును వదిలి పక్కనున్న చిన్న ప్లాస్టిక్ వాలు మీదికి ఎక్కి కూర్చుంటుంది. మరి కరెంటు ఉన్నట్టుండి పోతే? ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇక్కడుంది. కరెంటు పోయిన క్షణంలో ప్లాటరు ఇంకా తిరుగుతూనే ఉంటుంది కదా, ఆ తిరుగుడుతో మోటారే జనరేటరుగా మారి కాస్త విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ కాస్తతోనే హెడ్‌ను వాలు మీదికి చేరుస్తారు. కాబట్టి కేబుల్ ఊడినంత మాత్రాన హెడ్‌కు సాధారణంగా ప్రమాదం లేదు. నడుస్తుండగా నేలను ఢీకొట్టడమే ప్రమాదం. హెడ్ మోసే ముక్క గట్టి సిరామిక్‌తో చేసినది. అది ప్లాటరును కొడితే కార్బన్ పూత లేచిపోతుంది. హెడ్ కూడా చెడవచ్చు, దాన్ని పట్టుకున్న సన్నని స్ప్రింగు వంగవచ్చు.

అయినా ఈ దశలో ప్లాటరు మీది సమాచారంలో చాలా భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ అధ్యాయంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. కింద పడటం మొదటి దెబ్బ. రెండో దెబ్బ మనం వేస్తాం.

'అన్నా, ఇంకొక్కసారి పెట్టి చూడన్నా.' ఎవరో ఒకరు అననే అంటారు. పెడతారు. టక్, టక్, టక్. తీస్తారు, వేరే పోర్టులో పెడతారు. పక్క షాపుకు తీసుకుపోతే అక్కడా ఒకసారి పెడతారు. ఆ టక్‌టక్ దేనిదో తెలిస్తే చేయి ఆగుతుంది. ప్లాటరు మీద ఫ్యాక్టరీలోనే రాసిన దారి గుర్తులుంటాయి, సర్వో గుర్తులంటారు. హెడ్ వాటిని వెతుక్కుంటుంది, దొరకవు, చేయి వెనక్కి కొట్టుకుని మళ్లీ మొదలుపెడుతుంది. ప్రతి ప్రయత్నంలోనూ దెబ్బతిన్న హెడ్ సెకనుకు 90 చుట్ల చొప్పున ప్లాటరును గీకుతూ ఉంటుంది. లేచిన పొడి మిగతా హెడ్‌ల కిందికి చేరుతుంది. అలా కాసేపు గీకిన డిస్కులను ల్యాబ్‌లో విప్పితే అయస్కాంత పొర వలయంగా ఊడిపోయి గాజు పారదర్శకంగా బయటపడిన సందర్భాలున్నాయి. అవతలి వైపు కనిపిస్తుంది. అక్కడున్నది ఎవరి పెండ్లి అయినా ఇక ఏ ల్యాబూ తేలేదు.

చప్పుళ్లు తెలిసినవాడికి సగం జబ్బు తెలిసినట్టే. లోపలి నుంచి సన్నగా బీప్‌మంటుంటే మోటారు తిరగాలని పెనుగులాడుతోందని అర్థం, హెడ్‌లు ప్లాటరుకు అతుక్కుని ఉంటాయి లేదా బేరింగ్ బిగుసుకుని ఉంటుంది. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే కేబుల్, లేదా కింద ఉన్న సర్క్యూట్ బోర్డు. కేబుల్ అయితే అదృష్టం. వెడల్పాటి ఆ మైక్రో యూఎస్‌బీ పిన్ను ఎంత సులువుగా వదులవుతుందో వాడినవాళ్లకు తెలుసు. చప్పుడు మామూలుగానే ఉండి, తెరవబోతే 'ఫార్మాట్ చేయాలా?' అని విండోస్ అడుగుతుంటే జబ్బు ఫైళ్ల పట్టికలోనో, సెక్టార్లనే చిన్న గడుల్లో చదవలేని కొన్నింటిలోనో ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ 'వద్దు' అనే. మరమ్మతు చేస్తానంటూ వచ్చే చెక్‌డిస్క్‌కు కూడా అదే జవాబు. అది ఫైళ్ల పట్టికను సరిచేయడానికి పుట్టింది, మీ ఫొటోలను కాపాడటానికి కాదు. అతకని ముక్కలను నిర్మొహమాటంగా కొట్టేస్తుంది.

ఇంటి వైద్యాలు కొన్ని ప్రచారంలో ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెట్టమంటారు. పాతకాలపు కొన్ని డిస్కుల్లో లోహం ముడుచుకుని అతుక్కున్నవి వదిలి ఉండవచ్చు గానీ, ఇప్పటి డిస్క్‌ను చల్లబరచి బయటికి తీస్తే లోపల తేమ పట్టి హెడ్ నీటి బొట్టు మీద నడవాల్సి వస్తుంది. నీళ్లలో పడితే బియ్యంలో పెట్టమంటారు. నీరు అయస్కాంతాన్ని చెరపదు, అసలు గొడవ నీరు ఆరిపోయాక మిగిలే ఉప్పు, మట్టి. అందుకే ల్యాబ్‌ల వాళ్లు తడిసినదాన్ని ఆరబెట్టకుండా, కరెంటు ఇవ్వకుండా, అలాగే మూసి తెమ్మంటారు. మూత విప్పి చూద్దామనుకునేవాళ్లకు పొగ రేణువు సంగతి మళ్లీ గుర్తు చేయాలి. ఘనపు అడుగు గాలిలో అర మైక్రోమీటరు, అంతకు మించిన రేణువులు వందకు మించకుండా వడకట్టిన చోట ఆ పని చేస్తారు. బాగేపల్లి ఎండాకాలంలో, గాలి లేచినప్పుడు, మన గదిలో ఎన్ని ఉంటాయో ఎవరు లెక్కపెడతారు?

బోర్డు మార్చడం మాత్రం ఒకప్పుడు నిజంగా పనిచేసిన చిట్కా. అదే మోడల్ ఇంకో డిస్క్ కొని, దాని బోర్డు విప్పి దీనికి బిగిస్తే లేచి కూర్చునేది. ఇప్పుడు అంత సులువు కాదు. ఏ రెండు హెడ్‌లూ అచ్చం ఒకేలా పుట్టవు. ఒక్కోదానికి ఎంత కరెంటివ్వాలి, ఎంత ఎత్తులో తేలనివ్వాలి అన్న సర్దుబాట్లు ఫ్యాక్టరీలో కొలిచి, బోర్డు మీది చిన్న రోమ్ చిప్పులో కొంత, ప్లాటరు మీదే మనకు కనిపించని దాపు ట్రాకుల్లో కొంత రాసి పెడతారు. బోర్డు మారిస్తే ఆ చిప్పును కూడా ఊడదీసి కొత్తదానికి అతికించాలి. ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని కంపెనీల వాటిలో యూఎస్‌బీ పోర్టు నేరుగా ఆ బోర్డు మీదే ఉంటుంది, మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఆ బోర్డే సమాచారాన్ని సంకేత భాషలోకి మార్చి రాస్తుంది. అలాంటిదాంట్లో ప్లాటరు మచ్చలేకుండా ఉన్నా బోర్డు తాళంచెవి పోతే దొరికేది అర్థం లేని బైట్లే.

హెడ్ పోయిందని తేలితే ల్యాబ్‌లో చేసే పని దాత డిస్క్ వెతకడం. అదే మోడల్, వీలైతే అదే కాలంలో, అదే ఫ్యాక్టరీలో తయారైనది. దాని హెడ్‌ల గుత్తిని ఊడదీసి, ఒకదానికొకటి తగలకుండా సన్నని దువ్వెన లాంటి పనిముట్టుతో పట్టుకుని ఇందులోకి ఎక్కిస్తారు. ఆ హెడ్‌లు పరాయి ప్లాటరు మీద ఎక్కువకాలం బతకవు. అందుకని బతికి ఉన్నంతలో చకచకా నకలు తీసుకోవాలి. నాలుగు హెడ్‌లలో ఒక్కటే చెడితే ఒక్కోసారి మార్పిడి కూడా చేయకుండా, బాగున్న మూడింటితో ముందు చదివేస్తారు. సమాచారం హెడ్‌ల మధ్య పట్టీలు పట్టీలుగా పంచి ఉంటుంది. కొన్ని మెగాబైట్ల ఫొటోలు చాలావరకు ఏదో ఒక పట్టీలో ఇమిడి దక్కుతాయి. గంటసేపటి పెండ్లి వీడియో అన్ని పట్టీల మీదుగా పోతుంది కాబట్టి చిల్లులు పడుతుంది.

నకలు తీయడంలో కూడా ఒక వరుస ఉంది. హెడ్ బాగున్నా కొన్ని సెక్టార్లు మొరాయించే డిస్క్‌కు ఈ పని తెలిసినవాళ్లు ఇంట్లోనే చేసుకోగలరు. ఆంటోనియో దియాజ్ దియాజ్ రాసిన జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఇందుకు పేరుపడ్డది. దాని తెలివి అంతా వెనక్కి తగ్గడంలో ఉంది. మొండికేసిన చోట ఆగి పట్టుబట్టదు. దాటి ముందుకు పోతుంది, సులువుగా వచ్చేదంతా వేరే డిస్క్ మీదికి దించుతుంది, ఎక్కడెక్కడ దాటేసిందో ఒక పటంలో రాసుకుంటుంది, ఆ తర్వాతే కష్టమైన చోట్లకు తిరిగి వస్తుంది. దీని విలువ అంకెల్లో చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న ఒక టెరాబైట్ డిస్క్ సెకనుకు 100 మెగాబైట్లు ఇస్తే మొత్తం మూడు గంటల లోపు వచ్చేస్తుంది. చెడిన సెక్టార్లు లక్ష ఉన్నాయనుకోండి. ఒక్కోటి 4096 బైట్లు, కలిపితే 400 మెగాబైట్లు, డిస్క్‌లో 0.04 శాతం. ఒక్కో సెక్టారు దగ్గర డిస్క్ ఐదు సెకన్లు తంటాలు పడితే వాటికే దాదాపు ఆరు రోజులు పడుతుంది. మామూలుగా ఫోల్డరు తెరిచి కాపీ కొడితే వరుసలో తగిలిన ఆ 0.04 శాతం దగ్గరే ఇరుక్కుని, ముసలి హెడ్ కాస్తా చచ్చి, మిగతా 99.96 శాతంలో చాలా భాగం పోవచ్చు.

నకలు చేతికొచ్చాక భయం తీరినట్టే. ఇక మీద పని అంతా నకలు మీదే, అసలు డిస్క్ పక్కకు. ఫైళ్ల పట్టిక పాడైనా, ఎవరో పొరపాటున డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా ఇక్కడ చాలావరకు తిరిగి వస్తుంది. పహణీలో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం మాయమవదు కదా, ఇంకొకరు వచ్చి దున్నేదాకా పాత సాళ్లు అట్లే ఉంటాయి. పట్టిక అసలే లేకపోతే సెక్టార్లను ఒకటొకటిగా తిరగేస్తూ ఫైళ్ల పుట్టుమచ్చలను వెతుకుతారు. ప్రతి జేపెగ్ ఫొటో మొదట్లోనూ ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లుంటాయి. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము ఇలాంటి గుర్తులనే పట్టుకుని ఫొటోలను ఏరుతుంది. ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు రావు, వేల ఫొటోలు వట్టి నంబర్లతో కుప్పగా పడతాయి. అయితే ప్రతి ఫొటో లోపలా కెమెరా రాసిన తేదీ, గంట, నిమిషం ఉంటాయి. ఆ తేదీని పట్టుకుని పంచాంగం ముందు పెట్టుకుంటే ఏది ఏ ముహూర్తపు పెండ్లో స్టూడియో ఆయన తేలిగ్గా విడదీయగలడు. వీడియోలకు ఆ అదృష్టం తక్కువ. ఎంపీ4 ఫైలులో ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచిక ఒకచోటే ఉంటుంది, అది పోతే మిగిలిన గిగాబైట్లన్నీ ఉన్నా ప్లేయరుకు దిక్కు తెలియదు.

ఎంత దెబ్బ తిన్నా తిరిగి వచ్చే అవకాశం ఉందని చెప్పడానికి ప్రపంచమంతా తలచుకునే ఉదాహరణ కొలంబియాది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములతో ఆ అంతరిక్ష నౌక భూమికి తిరిగి వస్తూ ఆకాశంలో విచ్ఛిన్నమైంది. అందులో జీనాన్ వాయువు జిగటతనం మీద చేసిన ప్రయోగం తాలూకు సీగేట్ డిస్క్ ఒకటి, 400 మెగాబైట్లది, ఆర్నెల్ల తర్వాత టెక్సస్‌లో ఎండిన చెరువు అడుగున దొరికింది. బోర్డు మాడిపోయింది. ఒకవైపు సీలు కరిగి లోపలికి దుమ్ము చొరబడింది. మిన్నెసోటాలోని క్రోల్ ఆన్‌ట్రాక్ ల్యాబ్‌లో జాన్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు ప్లాటర్లు తీసి, రసాయనంతో కడిగి, వేరే డిస్క్ భాగాల మధ్య కూర్చోబెట్టాడు. 99 శాతం సమాచారం వచ్చింది. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ఫిజికల్ రివ్యూ ఇ పత్రికలో అచ్చయ్యాయి. ఆ నౌకలోనివే మరో రెండు డిస్కుల నుంచి మాత్రం ఏమీ రాలేదు. దీని విషయంలో రెండు సంగతులు కలిసొచ్చాయి. ప్లాటర్లు వంకర తిరగలేదు. పాత డాస్ పద్ధతిలో సమాచారం చెల్లాచెదురుగా కాక ఒకచోటే వరసగా పడి ఉంది. మూడోది నేను చేరుస్తాను: చెరువు గట్టున దాన్ని కంప్యూటరుకు పెట్టి చూద్దామనే వాళ్లెవరూ లేరు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ హైదరాబాదులోది. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో, స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోకు చెందిన హార్డ్ డిస్కులను కోసి మూసీలో పడేశారన్న అభియోగం మీద పోలీసులు 2024లో నాగోలు దగ్గర నదిలో వెతికి ముక్కలు తీయించారు. ఎవరిది తప్పన్నది కోర్టులు తేల్చే సంగతి. మనకు కావలసింది ఆ ముక్కల్లోని భౌతికశాస్త్రం. మూసీ నీళ్లు, బురద అయస్కాంత గుర్తులను చెరపలేవు, కాబట్టి ప్లాటరు ముక్క మీద బిట్లు ఉంటాయి. అయితే హెడ్ తేలడానికి గుండ్రంగా తిరిగే నున్నని పలక కావాలి, ముక్క తిరగదు. ఇక మిగిలింది అయస్కాంత బలాన్ని తడిమి చూసే మైక్రోస్కోపు. అది ఒక్కోసారికి పక్కకు 100 మైక్రోమీటర్ల చదరాన్ని చూడగలదని ఉదారంగా అనుకున్నా ఒక చదరపు అంగుళానికి 64 వేలకు పైగా బొమ్మలు తీయాలి. వాటిని అతికించి, డిస్క్ తన సౌకర్యానికి గిలకొట్టి రాసుకున్న బిట్లను విడదీయాలి. అసాధ్యమని సూత్రం చెప్పదు. చేసి చూపినవాళ్లు ఉన్నట్టు తెలియదు.

ఒక టెరాబైట్ ఎస్ఎస్‌డీ కొనుక్కుంటే ఈ బాధలన్నీ తప్పుతాయి కదా అనవచ్చు. బండ మీద పడే బాధ తప్పుతుంది, అందులో తిరిగేదేమీ లేదు. కానీ డిలీట్ చేసినప్పుడు విండోస్ దానికి ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, ఆ జాగా ఇక అక్కర్లేదని. ఎస్ఎస్‌డీ తీరిక చూసుకుని దాన్ని నిజంగానే తుడిచేస్తుంది. పాత సాళ్లు మిగలవు. పలకలు కప్పినట్టు ట్రాకులను ఒకదానిపై ఒకటి వేసే కొత్త రకం హార్డ్ డిస్కుల్లో కొన్ని కూడా ఈ ట్రిమ్‌ను పాటిస్తున్నాయి, కొనేటప్పుడు డబ్బా మీద ఆ సంగతి సాధారణంగా ఉండదు.

గూళూరు స్టూడియో ఆయన ల్యాబ్ కోసం బెంగళూరు బస్సెక్కే ముందు చేయగలిగిన పని ఒకటుంది. డిస్క్‌లోని పెండ్లిండ్లు తీసిన కెమెరా కార్డులు ఎక్కడున్నాయో వెతకాలి. చాలా కెమెరాల్లో కార్డు ఫార్మాట్ చేయడమంటే పట్టిక చెరపడమే, మీద ఇంకో పెండ్లి పడకపోతే పాత ఫొటోలు అందులోనే ఉంటాయి. ఆల్బమ్ డిజైన్ చేసిన చోట ఎంపిక చేసిన ఫొటోలు పూర్తి సైజులో ఉండవచ్చు. వీడియో ఎడిటింగుకు పంపిన పెన్‌డ్రైవ్ ఏ సొరుగులోనో పడి ఉంటుంది. పెండ్లివాళ్లకు ఇచ్చిన కాపీ వాళ్ల ఇంట్లో, బీరువాలో, పట్టుచీరల కింద ఉండే అవకాశం ఎక్కువ. అడగడానికి మొహమాటపడాల్సి వస్తుంది, నిజమే. డిస్క్ మాత్రం ఈలోగా కేబుల్ తీసేసి, గుడ్డలో చుట్టి, ఎవరూ 'ఇంకొక్కసారి' అనలేని చోట పెట్టాలి.